బూడిదలో మొదటి అడుగు

సారక్క చెప్పే చందమామ కథను కనీసం పదిసార్లు విననివాళ్ళు ఆమె చుట్టాల్లో గానీ శిష్యుల్లో గానీ ఎవరూ లేరు. చంద్రుడి మట్టి గురించి నలభై ఏళ్ళు పరిశోధన చేసి రిటైరైన మనిషి కాబట్టి ఏ బడివాళ్ళు పిలిచినా, ఏ సభలో శాలువా కప్పినా, మైకు చేతికందిన మరుక్షణం అదే కథ. ముందు వరుసలో కూర్చున్న కూతురు రోహిణి పెదవులు కదుపుతూ, తల్లితోపాటు ఒక్క మాట పొల్లుపోకుండా అప్పజెప్పేది. సారక్క అది చూసి కూడా చూడనట్టే కథ నడిపించేది.

కథ ఇది. సారక్కకు ఎనిమిదేళ్ళు. ఊరు నల్లగుట్ట, బెల్లంపల్లి అవతల బొగ్గుగనుల ఊరు. తల్లిని అవ్వ అనీ, తండ్రిని బాపు అనీ, గనిని బాయి అనీ పిలిచే ఊరు. ఆమె బాపు ఓదెలు ఆ బాయిలోనే బొగ్గు కొట్టేవాడు. మనిషి చంద్రుడి మీద దిగిన రోజున గనివాళ్ళ క్లబ్బు ముందర సినిమా తెరకని తెల్లగుడ్డ కట్టారు. ఊరు ఊరంతా కదిలొచ్చింది. జనం వెనక నిలబడ్డ సారక్కకు ఏమీ కనబడక ఏడుపు లంకించుకుంటే, బాపు ఆమెను ఎత్తి భుజాల మీద కూర్చోబెట్టుకున్నాడు. అప్పుడు కనిపించింది. ఒక నిచ్చెన. దాని మీంచి ఒక్కో మెట్టే దిగుతున్న మనిషి. బూడిదరంగు నేల. ఆ నేల మీద పడ్డ మొదటి అడుగు. "ఆ అడుగే నన్ను ఇక్కడిదాకా నడిపించింది" అని సారక్క ముగించేది. చప్పట్లు మోగేవి.

ఈ కథలో చిల్లు ఉందని మొదట పట్టుకున్నది రోహిణే. జ్ఞాపకాల మీద పరిశోధన చేసే పిల్ల కదా, తల్లి జ్ఞాపకాన్ని మాత్రం ఎందుకు వదులుతుంది?

"ఆ రోజున నల్లగుట్టలో కాదు గదా, హైదరాబాదులో కూడా తెర మీద ఎవరూ చూళ్ళేదమ్మా. రేడియోలో విన్నారంతే. ఫిల్ము తర్వాతెప్పుడో వచ్చింది."

"అయితే తర్వాతెప్పుడో చూసుంటా. చూశానా లేదా? మా బాపు భుజాలు కూడా అబద్ధమేనా?" అని సారక్క కసిరింది. రోహిణి నవ్వేసింది.

సారక్కను తొలిచేస్తున్న చిల్లు అది కాదు, వేరే. బాపు ఆమె పదో ఏట పోయాడు. ఒక్క ఫొటో లేదు. అన్ని జ్ఞాపకాలూ చెదిరిపోగా ఇది ఒక్కటి మాత్రం పదేపదే చెప్పడం వల్ల చెక్కుచెదరకుండా మిగిలింది. కానీ ఇందులో బాపు ముఖం లేదు. భుజాల మీద కూర్చున్న పిల్లకు కింద ఉన్న మనిషి ముఖం ఎట్లా కనిపిస్తుంది? జుట్టులో రెండు సుళ్ళు, చెవుల వెనక సబ్బుకు లొంగని నలుపు. అంతే. డెబ్బై దాటిన దగ్గర్నుంచి ఆమెకు అది ఒక రంధి అయిపోయింది. చంద్రుడి మీద ఉన్న ప్రతి గుంటనూ పేరుపెట్టి పిలవగలదు. కన్నతండ్రి ముక్కు ఎట్లా ఉండేదో చెప్పలేదు. ఈ సంగతి తలుచుకుంటే సిగ్గుగా ఉండేది, దాని వెంటే ఏడుపు వచ్చేది.

ఒక శుక్రవారం మధ్యాహ్నం ఆమె క్యారేజీ తీసుకుని కూతురి పరిశోధనశాలకు వెళ్ళింది. రోహిణి యంత్రం వెనక వైర్ల మధ్య దూరి ఉంది, నుదుటికి కట్టుకున్న చిన్న లైటు ఒక్కటే కనిపిస్తోంది.

"బయటికి రావే, అన్నం చల్లారిపోతుంది."

రోహిణి లైటు ఆర్పకుండానే బయటికొచ్చింది. వెలుగు సూటిగా కళ్ళలో కొట్టేసరికి సారక్క చెయ్యి అడ్డం పెట్టుకుంది. ఇట్లాంటి వెలుగు ఎప్పుడో ఇట్లాగే కళ్ళలో పడ్డట్టు అనిపించింది. ఎందుకో ఆమెకు అంతుపట్టలేదు.

వరండాలో ఒక పెద్దాయన బెంచీ మీద కూర్చుని ఉన్నాడు. ఇస్త్రీ చొక్కా, ఒళ్ళో గొడుగు. రోహిణి ఆయన వైపు చూడకుండా తల్లిని లోపలికి తీసుకెళ్ళి తలుపు వేసింది.

"ఆయన భుజంగరావు గారు. ప్రతి శుక్రవారం వస్తారు. ఆయన భార్య పెళ్ళిచూపుల్లో పాడిన పాట మళ్ళీ వినాలన్నారు. ఆమె పోయి చాలా కాలమైంది. మేం సరేనన్నాం."

"వినిపించిందా?"

రోహిణి గోడ దగ్గరికెళ్ళి గోటితో గీకింది. పాత భవనం, ఎన్నో ఏళ్ళుగా రంగు మీద రంగు వేసిన గోడ. నీలం కింద పసుపు, పసుపు కింద సున్నం, సున్నం కింద ఎవరో పెన్సిల్‌తో రాసిన ఒక పేరు బయటపడ్డాయి.

"జ్ఞాపకం కూడా ఇంతేనమ్మా. తలుచుకున్న ప్రతిసారీ మనమే ఒక కోటు వేస్తాం. యంత్రం ఒక్కో కోటూ గీకి అడుగున ఉన్నదాన్ని చూపిస్తుంది. ఆ చూపడం కూడా ఆ మనిషికి ఒక్కరికే. మాకు గీతలు తప్ప ఇంకేమీ కనిపించవు." గోటిలో ఇరుక్కున్న పొడిని ఉఫ్‌మని ఊదింది. "రాలింది మళ్ళీ అంటుకోదు. ఆయన పొరలన్నీ తీశాక తెలిసిందేమిటంటే, ఆ రోజున ఆమె అసలు పాడలేదు. భయానికి గొంతు పెగల్లేదు. ఇన్నేళ్ళూ ఈయనే ఆమె చేత పాడించుకున్నారు. ఇప్పుడు ఆ పాట కూడా లేదు. తిరిగి పెట్టమని అడగడానికి వస్తారు."

సారక్క తలుపు సందులోంచి ఆయనను చూసింది. పాపం, పెళ్ళిచూపులకు వచ్చినవాడిలాగే బుద్ధిగా కూర్చున్నాడు.

అంత చూశాక కూడా ఆమె ఆ రాత్రి వంటింట్లో కాకరకాయలు తరుగుతూ అడగనే అడిగింది. "నాకు చెయ్యవే. బాపు ముఖం ఒక్కసారి చూడాలి."

"చెయ్యను."

"నువ్వు చెయ్యకపోతే నీ శిష్యుల చేత చేయించుకుంటా."

"అమ్మా, నీ దగ్గర ఉన్నది ఆ ఒక్క జ్ఞాపకం. అది రాలిపోయి కింద ఏమీ లేకపోతే? నువ్వు కూడా ఆ వరండాలో వచ్చి కూర్చుంటే నేనేం చెయ్యాలి?"

సారక్క కాకరకాయలు మరీ సన్నగా తరిగేసింది. అవి పొయ్యి మీద మాడిపోయాయి.

మర్నాడు పొద్దున్నే నల్లగుట్టకు ఫోను చేసింది. అక్కడ ఆమె అక్క కొమురమ్మ ఉంది. ఎనభై రాబోతున్నాయి, కొడుకు దగ్గర ఉంటుంది. చంద్రుడి సంగతి జరిగేనాటికే ఆమెకు పెళ్ళై అత్తగారింటికి వెళ్ళిపోయింది.

"అక్కా, బాపు మొఖం నీకు యాదికున్నదా?"

"బాపు మొఖమా! నిన్న ఏం కూర తిన్ననో యాదికుంటలేదే. నడక యాదికున్నది. దగ్గు యాదికున్నది. మొఖమంటే... ఏమో చెల్లె, నల్లగుంటుండె."

"మా రోహిణి కాడ మిషను ఉన్నది గదా, దాంట్ల కూసుందామనుకుంటున్న. క్లబ్బు కాడ చందమామను చూసిన దినం ఉన్నది సూడు..."

అవతల ఎక్కడో కుక్కర్ కూత వినిపించింది.

"ఆ దినం జోలికి పోకు" అంది కొమురమ్మ.

"ఎందుకే?"

"అవ్వ నీకు ఎట్ల చెప్పిందో అట్లనే ఉంచుకో. పెద్దదాన్ని చెప్తున్న, ఇను." ఫోను పెట్టేసింది.

వద్దన్న కొద్దీ అటే వెళ్ళే బుద్ధి సారక్కకు చిన్ననాటిదే. ఆ బుద్ధి లేకపోతే బొగ్గు కొట్టేవాడి బిడ్డ చంద్రుడి దాకా ఎట్లా పోతుంది? ఆటో ఎక్కి నేరుగా పరిశోధనశాలకు వెళ్ళింది.

"అడుగున ఏదో ఉంది రోహిణీ. మీ పెద్దమ్మ గొంతులో తెలిసిపోయింది. ఆమె దాచేది ఏదో ఉందంటే నేను చూసేదీ ఉన్నట్టే కదా."

రోహిణి చాలాసేపు వాదించింది. తల్లి మొండితనం ముందు ఆమె ఎప్పుడు గెలిచింది గనక? చివరికి ఒక షరతు పెట్టింది. పొర పొరకూ ఆగి అడుగుతుంది, తల్లి 'గీకు' అంటేనే ముందుకు వెళ్తుంది.

కుర్చీ మంగలిషాపు కుర్చీలా ఉంది. తలకు టోపీ తొడిగారు. అది బరువుగా, చల్లగా ఉంది. గదిలో దీపాలు తీసేశారు. యంత్రం సన్నగా మూలిగింది.

"క్లబ్బు దగ్గరికి వెళ్ళమ్మా. రోజూ చెప్పేదే, మనసులో చెప్పుకో."

మొదట మైకులు రాలిపోయాయి. శాలువాలు, చప్పట్లు, 'ఆ అడుగే నన్ను నడిపించింది' అన్న ముగింపు వాక్యం పోయాయి. వాటికి ఆమె ఏమీ బాధపడలేదు.

"గీకు."

తర్వాత తెర మీది బొమ్మ కదిలింది. అది క్లబ్బు తెర కాదు. వరంగల్ కాలేజీలో ఒక హాలు, కిర్రుమనే ఫ్యాను, పక్కన పల్లీలు నమిలే స్నేహితురాలు. ఆర్మ్‌స్ట్రాంగ్ నిచ్చెన దిగే ఫిల్ము సారక్క మొదటిసారి చూసింది అక్కడ, పద్దెనిమిదో ఏట. 'ఇదా, ఇక్కడ దూరింది!' అని ఆమె కుర్చీలోనే నవ్వింది. ఫ్యాను ఆగింది. హాలు పోయింది.

"గీకు."

ఇప్పుడు జనం పలచబడ్డారు. తెల్లగుడ్డ పొగమంచులా చెదిరిపోయింది. కాళ్ళ కింద భుజాలు మెత్తబడ్డాయి. సారక్క భయంతో జుట్టు కోసం చెయ్యి చాపింది. రెండు సుళ్ళూ వేళ్ళకు తగిలి, మళ్ళీ తగల్లేదు. ఆమె ఎక్కడి నుంచో జారి కింద చాప మీద పడింది.

చాప ముందర ఒక చెయ్యి. పచ్చి ఉల్లిగడ్డ వాసన వేసే చెయ్యి, వేళ్ళ మధ్య పప్పన్నం ముద్ద. అవ్వ గొంతు. "...అప్పుడు బాపు నిన్ను భుజాల మీద ఎక్కిచ్చుకున్నడు బిడ్డా. ఊరంత కూసున్నది. తెల్లగుడ్డ మీద చందమామ కనవడ్డది. నోరు తెరువు..."

సారక్కకు అర్థమైంది. క్లబ్బు ఆమె కళ్ళతో చూసింది కాదు. అన్నం ముద్దలతో తిన్నది. అవ్వ రోజూ చెప్పి చెప్పి, పెట్టి పెట్టి కట్టిన క్లబ్బు అది.

"అమ్మా," రోహిణి పిలిచింది. "ఇది చివరి పొరలా ఉంది. దీని కింద నాకు ఏ గీతా రావడం లేదు. ఆపేస్తాను."

అవ్వ చెయ్యి అట్లాగే గాలిలో ఉంది. గీకితే ఈ చెయ్యీ పోతుంది. ఈ గొంతూ పోతుంది. బాపు భుజాలు ఎట్లాగూ పోయాయి. ఇక్కడ ఆగితే అవ్వ అయినా మిగులుతుంది కదా అనుకుంది సారక్క. మరి ఇంత ఓపిగ్గా అబద్ధం చెప్పేంత అవసరం అవ్వకు ఏమొచ్చింది? అవ్వ అబద్ధాలాడే మనిషి కాదు.

"గీకు" అంది. ఆ మాట అంటూ ఏడ్చేసింది.

చీకటి. చాలాసేపు చీకటే. రోహిణి పేరు పెట్టి పిలవడం దూరంగా వినిపించింది. ఆపైన ఒక చప్పుడు, గరగరమని.

రేడియో.

బాయిలో హాజరు రాసుకునే హాజిరిబాబు ఇంటి అరుగు. ఆ ఏడు ప్రత్యేక రాష్ట్రం గొడవలకు బళ్ళు మూసి ఉన్నాయి, పిల్లలంతా అక్కడే. సోమవారం పొద్దున. హాజిరిబాబు చెవి రేడియోకు ఆనించి "దిగిండు! దిగిండు!" అని కేకేశాడు. పిల్లలు చప్పట్లు కొట్టారు. ఎనిమిదేళ్ళ సారక్క రేడియో వెనక్కి వెళ్ళి చూసింది. అక్కడ దుమ్ము తప్ప ఏమీ లేదు. "ఏం కనబడలే! నాకేం కనబడలే!" అని గొంతు చించుకుని ఏడుస్తూ ఇంటికి పరిగెత్తింది. ఆ ఏడుపు మధ్యాహ్నందాకా ఆగలేదు. పొద్దుటి షిఫ్టు ముగించుకుని బాపు వచ్చేసరికి వెక్కిళ్ళు పెడుతోంది.

"ఎందుకేడుస్తున్నవ్ బిడ్డా?"

"చంద్రుని మీద మనిషి దిగిండట. అందరు సూసిన్రట. నాకు కనబడలే."

"ఎవ్వలు సూడలే పిచ్చిదానా, అందరు ఇన్నరు." బాపు నడుముకు చుట్టుకున్న తువ్వాలు విప్పాడు. కింద బ్యాటరీ పెట్టె, దాని తీగ, టోపీకి తగిలించే దీపం. "ఊకో. నేను సూపెడ్త."

పొయ్యి దగ్గర్నుంచి అవ్వ లేచొచ్చింది. "గిదేంది! దీపం ఇంటికి తెచ్చినవ్? లాంపు రూంల ఇయ్యలేదా?"

"పొద్దున బాయిల అందరు గదే ముచ్చట. నా బిడ్డ గూడ సూడాలె గదా. జెర చీకటి పడంగనే సూపెట్టి ఉరికి ఇచ్చొస్త తియ్యి."

వానమబ్బు కమ్మి ఉంది, ఆ రోజు పొద్దు తొందరగానే మసకబడింది. బాపు పొయ్యిలోంచి తీసినదీ, అంట్లు తోమడానికి దాచినదీ, బొగ్గుల బూడిదనంతా వాకిట్లో పరిచాడు. అవ్వ నెత్తి కొట్టుకుంది. పెంకులు సర్దే నిచ్చెనను చూరుకు ఆనించి, టోపీ పెట్టుకుని, దీపం వెలిగించి, కప్పు మీదికెక్కాడు. మబ్బు సందులో సగం చంద్రుడు. బాపు ముక్కు పట్టుకుని హాజిరిబాబు రేడియోలా గరగరలాడాడు. "హలో, హలో. నల్లగుట్ట ఓదెలు మాట్లాడుతున్న. దిగుతున్న, దిగుతున్న..."

ఒక మెట్టు. ఆగాడు. ఇంకో మెట్టు. గాలి తేలికైనట్టు చేతులు ఆడిస్తూ, కాలు మెల్లగా ఎత్తి మెల్లగా పెడుతూ దిగాడు. దీపం వెలుగు వాకిలంతా ఊగింది. చివరి మెట్టు దగ్గర కాలు గాలిలో ఆపి, అవ్వ వైపు తిరిగి సలాము కొట్టాడు. కోపంగా ఉన్న అవ్వ కూడా కొంగు నోటికడ్డం పెట్టుకుంది. బాయి బూటు బూడిదలో దిగింది. బూటు తీశాక అచ్చు పడింది, మేకుల గుర్తులతో సహా.

"ఇగ నువ్వు పెట్టు."

సారక్క తన చిన్నకాలిని ఆ అచ్చు పక్కన పెట్టింది. బూడిద ఇంకా గోరువెచ్చగా ఉంది.

"ఎట్లున్నది బిడ్డా చంద్రుడు?"

"మెత్తగున్నది. నీ మొఖం కనబడ్తలేదు బాపు. దీపం కండ్లల్ల కొడ్తుంది."

"అట్లనా!" బాపు టోపీ తీసి ఆమె తలకు పెట్టాడు. అది జారి ముక్కు మీదికొచ్చింది. ఆయన బూడిదలో మోకాళ్ళ మీద కూర్చుని, రెండు చేతులతో టోపీని పైకెత్తి పట్టుకున్నాడు. ఆమె తల మీది దీపం వెలుగు ఆయన ముఖాన పడింది.

కళ్ళ చుట్టూ బొగ్గు, కాటుక దిద్దినట్టు. కుడి కనుబొమ్మ మీద పాత దెబ్బలో బొగ్గుపొడి నిలిచిపోయిన నీలి గీత. విరిగిన పన్ను. కొసన కాస్త పక్కకు తిరిగిన ముక్కు. నవ్వుతున్నాడు. నవ్వుతుంటే ఎడమ బుగ్గ మీద సొట్ట. ఎంత చిన్నవాడు! డెబ్బై దాటిన సారక్క కుర్చీలో ఉలిక్కిపడింది. తన కూతురి కన్నా చిన్నవాడు, ముప్పై అయిదు దాటాయో లేదో. ఇన్నాళ్ళూ ఆమె ఒక ముసలాయన కోసం వెతుకుతోంది.

అప్పుడు బాయి సైరన్ మోగింది.

బాపు నవ్వు ఇంకా ముఖం మీద ఉండగానే కళ్ళు పైకి లేచి, ఆమె తల మీది దీపాన్ని చూశాయి. ఆ కళ్ళలో భయం. అక్కడితో అంతా ఆగిపోయింది.

కళ్ళు తెరిచేసరికి ఎదురుగా ఒక వెలుగు, దాని వెనక ముఖం తెలియని ఆకారం. రోహిణి నుదుటి లైటు వేసుకుని, వంగి తల్లి చెయ్యి పట్టుకుని పిలుస్తోంది.

"అమ్మా! వినిపిస్తోందా? ఏమైంది? ఏమీ లేదా?"

"ఆ లైటు తీసి నాకు పెట్టు" అంది సారక్క.

రోహిణికి అర్థం కాలేదు. అయినా తీసి తల్లి నుదుటికి కట్టింది. సారక్క కూతురి ముఖాన్ని ఆ వెలుగులో చాలాసేపు చూసింది. కొసన కాస్త పక్కకు తిరిగిన ముక్కు. ఎడమ బుగ్గ మీద, నవ్వితే పడే సొట్ట. ఆ ముఖం నలభై ఏళ్ళుగా ఇంట్లోనే ఉంది.

"నవ్వవే ఒకసారి" అంది. రోహిణి నవ్వలేక ఏడ్చింది. ఇద్దరూ ఏడ్చారు.

సైరన్ సంగతి మాత్రం ఆమె కూతురికి చెప్పలేదు. ఇంటికొచ్చాక అలవాటుగా క్లబ్బును తలుచుకోబోయింది. మాటలున్నాయి, 'తెల్లగుడ్డ', 'భుజాలు', 'ఊరంతా'. వాటి వెనక ఏ బొమ్మా లేదు. అవ్వ చెయ్యి ఎట్లా ఉండేదో తలుచుకుందామంటే అదీ రాలేదు. ఒకటి దొరికి ఇంకొకటి పోయింది. ఆ వారమంతా ఆమె ఏ ఫోనూ ఎత్తలేదు. ఎవరో సన్మానానికి పిలిస్తే ఒంట్లో బాగాలేదని చెప్పించింది.

ఆదివారం రోహిణి కారులో ఇద్దరూ నల్లగుట్ట వెళ్ళారు. కొమురమ్మ వాకిట్లో మంచం మీద కూర్చుని ఉంది. చెల్లెల్ని చూడగానే ఆమెకు అర్థమైపోయింది.

"చూసినవ్."

"చూసిన. సైరన్ దాక చూసిన. తర్వాత ఏమైందే అక్కా?"

కొమురమ్మ కొంగుతో కళ్ళద్దాలు తుడుచుకుంది. తుడిచినవే మళ్ళీ తుడిచింది.

"బాయిల దిగేటోడు తన నంబరు బిళ్ళ ఇచ్చి దీపం తీస్కోవాలె. పైకెక్కినంక దీపం ఇచ్చి బిళ్ళ తీస్కోవాలె. బిళ్ళ లాంపు రూం గోడ మొలకు ఏలాడుతున్నదంటే మనిషి లోపల్నే ఉన్నట్టు. బాపు దీపం ఇయ్యకపాయె. ఆయన ఎక్కిండని చెప్పేటోళ్ళు ఇండ్లకు పోయిన్రు. ఓదెలు లోపల పడిపోయిండని సైరన్ కొట్టిన్రు. ఎతకనీకి మనుషులు మల్ల దిగిన్రు. బాయి కాడ ఆడోళ్ళంత ఒకటే ఏడుపు. బాపు దీపం సంకల పెట్టుకొని ఉరికి వాళ్ళ ముంగట నిలబడ్డడు. సగం మంది కావలిచ్చుకున్నరు, సగం మంది కొట్టిన్రు."

"పని తీసేసిన్రా?"

"తియ్యలే. కొన్నొద్దులు ఇంట్ల కూసోవెట్టి, పాత బాయికి ఏసిన్రు. ఎవ్వలు పోనంటరు దాంట్లకు. ఎప్పుడు సూసినా నీళ్ళు. రెండేండ్లకు..." రెండేళ్ళకు పాత బాయిలో కప్పు కూలి బాపు పోయాడన్నది సారక్కకు తెలుసు. బాపు ఆ పాత బాయికి ఎందుకు వెళ్ళాల్సొచ్చిందో మాత్రం ఇన్నేళ్ళూ తెలియదు.

"నేను ఏడ్వకపోతే బాపు బతికుండేటోడు" అంది సారక్క. డెబ్బై ఏళ్ళ మనిషి గొంతు కాదది.

"అగో! ఈ మాట నీ నోట్లకెల్లి రావద్దనే అవ్వ అన్ని ముద్దలు తినిపిచ్చింది." కొమురమ్మ కోపంగా మంచం మీద చరిచింది. "బాపు పోయినంక నువ్వు బూడిద చూస్తే సాలు ఏడ్సేదానివి. ఒక దినం 'నా కోసమే గదా దీపం తెచ్చిండు' అన్నవట. అవ్వ గుండె పగిలింది. ఆ దినం నుంచి మొదలువెట్టింది క్లబ్బు కత. నాతోని ఒట్టేయిచ్చుకున్నది. రోజు చెప్పింది. నువ్వు మర్శిపోయేదాక చెప్పింది. మర్శినవ్. బతికినవ్."

సారక్క తల వంచుకుంది. రోహిణి పెద్దమ్మకూ తల్లికీ మధ్య ఎటు పోవాలో తెలియక గడప దగ్గరే నిలబడిపోయింది.

"ఇంకో మాట ఇను" అంది కొమురమ్మ, ఈసారి మెల్లగా. "పాత బాయిల ఏసినంక నేను పుట్టింటికొచ్చి బాపు మీద లొల్లి చేసిన. చిన్నపిల్ల ఏడ్సిందని దీపం తెస్తరానే, బుద్ధున్నదా అని. బాపు ఏమన్నడు ఎరికేనా? నవ్విండు. 'తిడితే తిట్టు గని కొమురీ, బాయిల ఇంతమందున్నరు, బిడ్డకు చంద్రున్ని సూపెట్టినోడు ఎవడన్న ఉన్నడా' అన్నడు. ఎన్ని దినాలో చెప్పుకున్నడు ఆ ముచ్చట. ఆయనకు లేని దుక్కం నీకెందుకే?"

సారక్క అప్పుడు ఏడ్చింది. రేడియో వెనక దుమ్ము చూసిన రోజు ఏడ్చినంత గట్టిగా, సిగ్గు లేకుండా ఏడ్చింది. కొమురమ్మ ఊకో అనలేదు. కోడలిని పిలిచి అన్నం పెట్టుకురమ్మంది.

పళ్ళెం వచ్చింది. పప్పన్నం, పక్కన పచ్చి ఉల్లిగడ్డ. కొమురమ్మ తన చేత్తోనే కలపడం మొదలుపెట్టింది.

"అక్కా," అంది సారక్క ముక్కు తుడుచుకుంటూ, "బాపు మొఖం దొరికింది. అవ్వ కత పోయింది. మాటలున్నయ్ గని లోపల ఏం లేదు. అవ్వ చెప్పినట్టే ఒక్కసారి చెప్పవా?"

"అబద్ధమని తెలిసినంక గూడనా?"

"తెలిసినంకనే."

గడప దగ్గర రోహిణి కళ్ళు తుడుచుకుంటూ, "భుజంగరావు గారి భార్యకు ఆ పాట తెలిసిన అక్కచెల్లెళ్ళు ఎవరైనా ఉన్నారేమో అడగాలి" అని తనలో తను అనుకున్నట్టు అంది. ఎవరూ పట్టించుకోలేదు.

కొమురమ్మ ముద్ద చేసి చెల్లెలి నోటి దగ్గర పెట్టింది. వేళ్ళ నుంచి పచ్చి ఉల్లిగడ్డ వాసన వచ్చింది. మసక కళ్ళతో దూరంగా ఎటో చూస్తూ, తనది కాని గొంతుతో, ఎన్నడో కంఠతా పట్టిన కథను మొదటి నుంచి అందుకుంది.

"ఆ దినం క్లబ్బు కాడ తెల్లగుడ్డ కట్టిన్రు బిడ్డా. ఊరంత వచ్చింది. నీకు ఏం కనబడ్తలేదని ఏడుస్తున్నవ్. అప్పుడు బాపు ఏం చేసిండు? నిన్ను భుజాల మీద ఎక్కిచ్చుకున్నడు. నోరు తెరువు..."

సారక్క నోరు తెరిచింది.